డిస్కుమీది గడుల పంపకము – దాని తిరుగవ్రాతల పరీక్ష

కంప్యూటరు డిస్కులలో ఫైలులకు చోటు పంచియిచ్చు పద్ధతిని గూర్చియు, ఆ పద్ధతిని నడపు వ్రాతను తిరుగ వ్రాసినప్పుడు దానిని పరీక్షించువారి పనిని గూర్చియు నేడు మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇది వినినంతనే మీలో కొందఱు, ‘వ్యాకరణము చెప్పి జీవించిన పంతులునకు దీనితో నేమి పని?’ యని నవ్వుకొనవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము ప్రసంగము ముగియులోపల మీకే తోచును. ప్రస్తుతమునకు ఇంతమాత్రము విన్నవించెదను. మీ భూముల లెక్కలు, మీ పింఛను జాబితాలు, మీ మనుమల పరీక్షాఫలితములు నేడు కాగితపు కట్టలయందుకంటె డిస్కులయందే యెక్కువగా నున్నవి. అక్కడ చోటు పంచుటలో తప్పు జరిగినచో, మీ లెక్కమీద మఱియొకని లెక్క వ్రాయబడును. కావున ఇది మనకు దూరమైన విషయము కాదు.

డిస్కును ఒక ఊరి పొలముగా భావింపుడు. దానిని సమానమైన చిన్న గడులుగా విభజింతురు. అట్టి గడికి బ్లాకు అని పేరు. నేడు తఱచుగా ఒక్కొక్క బ్లాకునందు 4096 బైట్లు పట్టును. ఒక ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. మన తెలుగక్షరమునకు సాధారణముగా మూడు కావలెను. గుణింతములు, ఒత్తులు చేరినకొలది ఇంకను పెరుగును. ఫైలు వ్రాయవలసి వచ్చినప్పుడు ఏ గడులు ఖాళీగా నున్నవో చూచి, వానిని ఆ ఫైలు పేర నమోదుచేసి, అవి ఇతరులకు ఈయరానివని గుర్తు వేయవలెను. ఫైలును తొలగించినప్పుడు ఆ గుర్తు చెరపవలెను. ఇదియే చోటు పంపకము. 1984 ప్రాంతమున రద్దయిన కరణీకము మీలో పెద్దలకు జ్ఞాపకముండును గదా! ఈ పంపకము చేయు వ్రాత డిస్కునకు కరణము వంటిది. దానికి రెండు ధర్మములు కలవు. ఒకే గడిని ఇద్దఱికి ఈయరాదు. ఒకని గడులను పొలము నలుమూలలకు చెదరగొట్టరాదు. రెండవది తప్పినచో జాప్యము కలుగును. మొదటిది తప్పినచో సర్వనాశనమే.

ఈ కరణీకపు చరిత్రమును కొంచెము పరికింతము. అమెరికాదేశమున బెల్ ప్రయోగశాలలయందు 1969 లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సు అను వ్యవస్థను ఆరంభించిరి. అందలి మొదటి ఫైలు పద్ధతులలో గడికి 512 బైట్లు మాత్రమే. ఖాళీ గడులను ఒకదానివెంట నొకటిగా గొలుసుకట్టి యుంచెడివారు. ఎవరికైన గడి కావలసినచో గొలుసు మొదటినుండి యొకటి తీసియిచ్చుట. ఎవరైన విడిచినచో మరల గొలుసు మొదటనే తగిలించుట. పద్ధతి మిక్కిలి సులభము. కాని కొన్ని వారములు గడచునప్పటికి గొలుసులోని క్రమము చెదరిపోయెడిది. ఒకే ఫైలులోని వరుస గడులు డిస్కుమీద ఒకటి తూర్పున, ఒకటి పడమట పడెడివి. చదువు సూది ప్రతి గడికిని పరుగులు పెట్టవలసి వచ్చెడిది. కొంతకాలమునకు గడిని 1024 బైట్లకు పెంచిరి. వేగము రెండింతలకు పైగా పెరిగినను మూలదోషము పోలేదు. క్రొత్తగా నున్నప్పుడు సెకనుకు 175 కిలోబైట్లు అందించినది, కొన్నివారముల సాధారణ వాడుకచే 30 కిలోబైట్లకు దిగిపోయెనని ఆ పద్ధతిని పరిశోధించినవారే వ్రాసిరి.

ఆ పరిశోధకులు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖవారు. మెకూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ యను నలుగురు రచించిన వ్యాసము 1984 లో వెలువడెను. వారు గడిని 4096 బైట్లకు పెంచిరి. డిస్కును మండలములుగా విభజించి, ఒక ఫైలునకు సంబంధించిన గడులను వీలైనంతవఱకు ఒకే మండలమునందుంచిరి. గొలుసునకు బదులు ఖాళీల పటము నుపయోగించిరి. గడి పెద్దదైనచో చిన్నఫైలు కూడ పెద్దగడిని ఆక్రమించును గదా! వారి లెక్కలో అట్లు వ్యర్థమగు చోటు నూటికి 45 పాళ్ళు దాటెను. అందుచే గడిని తునకలుచేసి చిన్నఫైలులకు తునకలనే యిచ్చు ఏర్పాటు చేసిరి. డిస్కు నిండినకొలది మంచి చోటు వెదకుట కష్టమగును గావున నూటికి పది పాళ్ళు విడిచి యుంచిరి. ఇంత చేయగా, పూర్వము డిస్కు శక్తిలో నూటికి నాలుగైదు పాళ్ళు మాత్రమే వాడుకొన్న పద్ధతి 47 పాళ్ళవఱకు వాడుకొనగలిగెను.

ఇచ్చట ఒక చిత్రము గమనింపదగినది. 1991 లో ఫిన్‌లండుదేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు ఆరంభించెను. దానికై 1992 లో రెమీ కార్డ్ వ్రాసిన ఎక్స్‌ట్ అను ఫైలు పద్ధతిలో ఖాళీ గడులు మరల గొలుసుకట్టుగానే యుండెను. ఆ పాత జబ్బే మరల వచ్చెను. వాడినకొలది గొలుసు చెదరి వేగము తగ్గెను. 1993 జనవరిలో వచ్చిన ఎక్స్‌ట్ 2 లో మండలములు, పటములు ప్రవేశపెట్టి ఆ దోషమును తొలగించిరి. ఎనిమిదేండ్లకు పూర్వమే అచ్చులో తెలిసిన పాఠమును మరల అనుభవముచేతనే నేర్చుకొనవలసి వచ్చెను. చరిత్రము చదువుట వలని ప్రయోజనమును నేను బడిపిల్లలకు చెప్పుచుండెడివాడను. ఈ కథ అప్పుడు తెలిసియుండినచో దీనినే యుదాహరించి యుందును.

తరువాత 2001 లో ఎక్స్‌ట్ 3 లినక్సులో చేరెను. దాని విశేషము చిట్టా. ఏ మార్పు చేయదలచినను మొదట చిట్టాలో వ్రాసికొని, పిదప అసలు పుస్తకమున ఎక్కింతురు. నడుమ విద్యుత్తు పోయినను చిట్టా చూచి లెక్క సరిచేయవచ్చును. కాని చోటు పంచుట మాత్రము ఒక్కొక్క గడిగానే సాగెను. 100 మెగాబైట్ల ఫైలు వ్రాయవలెనన్నచో పంచువానిని 25,600 మాఱులు పిలువవలెను. ఈ కొఱత తీర్చుటకు ఎక్స్‌ట్ 4 వచ్చెను. 2008 డిసెంబరులో వెలువడిన లినక్సు 2.6.28 నందు అది వాడుకకు సిద్ధమని ప్రకటింపబడెను. 2010 లో గూగిలువారు తమ యంత్రములకు దానిని ఎన్నుకొనిరి. ఆ యేటనే ఆండ్రాయిడు ఫోనులలోనికిని అది ప్రవేశించెను.

ఎక్స్‌ట్ 4 నందు పెక్కు గడులను ఒకే పిలుపున ఇచ్చు పంపకమున్నది. దానిని మొదట వ్రాసినవాడు అలెక్స్ టోమస్. అందు జంటల పద్ధతి ప్రధానము. ఒక మండలమున 32,768 గడులుండును. అనగా 128 మెగాబైట్ల పొలము. ప్రక్కప్రక్కనున్న రెండు ఖాళీ గడులు జంటయై రెండింటి ముక్కయగును. అట్టి రెండు ముక్కలు కలిసి నాలుగింటి ముక్కయగును. ఇట్లే యెనిమిది, పదాఱు అని రెట్టింపగుచు పోవును. ఎనిమిది గడులు కోరువానికి ఎనిమిదింటి ముక్క దొరకనిచో పదాఱింటి ముక్కను చీల్చి సగమిత్తురు. విడిచినప్పుడు జతముక్క కూడ ఖాళీగా నున్నచో రెండును మరల కలియును. జ్ఞాపకశక్తి పంపకమునకై 1960 ల నాటికే వాడుకలోనున్న ఈ యుక్తిని డిస్కునకు తెచ్చిరి.

ఇంక రెండవ విషయమునకు వచ్చెదను. ఇట్టి వ్రాత కాలక్రమమున పెరుగును. ఒకరు వ్రాసినదానికి మఱియొకరు చేర్తురు. ఒకే పని నాలుగుచోట్ల వేఱువేఱుగా వ్రాయబడును. ఒక్కొక్క ప్రకరణము చదివినవానికి తల తిరుగునంత పొడవగును. అప్పుడు ఫలితము మార్పక, కూర్పు మాత్రము మార్చుట అవసరమగును. దీనిని ఇంగ్లీషువారు రీఫాక్టరింగు అందురు. దీనిపై విలియం ఆప్డైక్ 1992 లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున సిద్ధాంతవ్యాసము వ్రాసెను; 1999 లో మార్టిన్ ఫౌలర్ గ్రంథముచే ఆ మాట లోకమున వ్యాపించెను. ఒకరు వ్రాసినదానిని ఇతరులు క్రమముగా కూర్చుండి పరీక్షించు పద్ధతిని అంతకు పూర్వమే, 1976 లో, ఐ.బి.ఎం. సంస్థకు చెందిన మైకేల్ ఫేగన్ శాస్త్రీయముగా వివరించి యుండెను.

‘ఫలితము మార్పనప్పుడు పరీక్ష యెందులకు?’ అని మీరడుగవచ్చును. ఇచ్చటనే నా వ్యాకరణము అక్కఱకు వచ్చును. పాణిని అష్టాధ్యాయిలో సుమారు నాలుగువేల సూత్రములున్నవి. ఒక సూత్రమునందలి పదము తరువాతి సూత్రములలోనికి ప్రవహించును. దానినే అనువృత్తి యందురు. ఒక సూత్రమును, అందొక్క అక్షరమైనను మార్పక, ఉన్నచోటనుండి తీసి వేఱొకచోట నుంచినామనుకొనుడు. అక్షరములన్నియు నవియే, కాని వెనుకనుండి వచ్చి చేరుచుండిన పదము ఇప్పుడు చేరదు, చేరరాని పదము చేరును. సూత్రమర్థమే మాఱిపోవును. కంప్యూటరు వ్రాతలోను ఇదే జరుగును. ఒక భాగము తాను చెప్పని నియమములను పై భాగమునుండి గ్రహించుచుండును. పైన ఎవరో తాళము వేసియుందురని నమ్మి క్రింది భాగము పనిచేయుచుండును. ఆ భాగమును మఱియొక ప్రకరణమునకు తరలించినచో అక్షరము మాఱదు. తాళము మాత్రము లేకపోవును. అట్టి దోషము క్రొత్త అక్షరములలో వెదకినచో కనబడదు. విడిచివచ్చిన చోటును గూడ చూడవలెను. ‘మార్పులేని మార్పు’ అనునది అన్ని మార్పులలోను మిక్కిలి జాగ్రత్తగా చూడదగినదని నా యభిప్రాయము.

2023 లో జరిగిన ఒక మంచి ఉదాహరణము చెప్పెదను. ఎక్స్‌ట్ 4 ఒక ఫైలునకు ముందుగానే కొన్ని గడులను కేటాయించి యుంచును. అడిగిన క్షణమున ప్రక్కచోటు అందుటకు ఇది యుపాయము. ఇట్టి కేటాయింపులను వరుస జాబితాగా నుంచెడివారు. కొన్ని ఫైలులకు ఆ జాబితా మిక్కిలి పొడవై, కావలసినదానిని కనుగొనుటకు మొదటినుండి చివరవఱకు చదువవలసి వచ్చెడిది. ఐ.బి.ఎం. సంస్థలోని భారతీయ ఇంజనీర్లు జాబితాను తొలగించి, దానికి బదులు చెట్టువంటి అమరికను పెట్టదలచిరి. నిఘంటువున మాటను వెదకునట్లు, ప్రతి చూపునకును వెదకవలసిన భాగము తగ్గును. వేయి కేటాయింపులున్నను ఇరువది చూపులకు మించదు.

వారు పని చేసిన క్రమము ప్రశంసనీయము. ఒక్కమాఱుగా జాబితా తీసి చెట్టు పెట్టలేదు. రెండు కేటాయింపులు ఒకదానిమీద నొకటి పడుచున్నవా యని చూచు భాగమును వేఱుచేసి ప్రత్యేక ప్రకరణముగా వ్రాసిరి. జాబితా యట్లే యున్నది, ఫలితము మాఱలేదు. కేటాయింపులను విడుదలచేయు భాగమును గూడ చక్కబఱచిరి. అప్పుడును జాబితాయే. దారిలో పాత వ్రాతయందు ఆరంభస్థానము లెక్కించు చోట నున్న దోషమును సవరించుటకు ప్రత్యేకముగా నొక లేఖ వ్రాసిరి. దానిని ఇతర మార్పులలో కలిపి దాచలేదు. ఇవన్నియు ముగిసిన పిదపనే చెట్టును నాటిరి. పరీక్షించువాడు ఒక్కొక్క లేఖను విడిగా చదివి, ‘ఇది కూర్పు మాత్రమే, ఇది దోషసవరణ, ఇది నిజమైన మార్పు’ అని నిర్ణయింపగలిగెను. అన్నియు నొకే కట్టగా వచ్చినచో అట్లు విడదీయుట యెవరి తరము?

ఆ యేటనే పేర్ల సంస్కారము కూడ జరిగెను. చోటు వెదకుటలో కొన్ని దశలున్నవి. మొదట శ్రేష్ఠమైన చోటుకై చూచి, దొరకనిచో కొంచెము దిగి, చివరకు ఏది ఖాళీయైన నదియే తీసికొందురు. ఈ దశలకు సున్న, ఒకటి, రెండు, మూడు అని అంకెలే పేర్లు. ఒకటికిని రెండునకును నడుమ క్రొత్త దశ కావలసి వచ్చెను. దానిని మొదట ‘ఒకటిన్నర’ యనిరి! పిదప అంకెలను విడిచి, ‘కోరినంత పొడవు, వేగముగా’, ‘దొరికినవానిలో మేలైన పొడవు’, ‘ఏదైన ఖాళీ’ అను భావముగల పేర్లు పెట్టిరి. పేరు మార్చుట అలంకారమని తలపరాదు. వ్రాతయందు అచ్చటచ్చట ‘దశ రెండుకంటె తక్కువైనచో’ అని యుండును. నడుమ క్రొత్త దశ చేరినప్పుడు ఆ వాక్యము క్రొత్తదానికి వర్తించునా లేదా యని ప్రతిచోట నిలిచి విచారింపవలెను. అంకె నోరు విప్పదు. పేరు తన సంగతి తాను చెప్పును.

పరీక్షించువాడు ముఖ్యముగా చూడవలసిన వానిని వరుసగా మనవి చేసెదను. మొదటిది, ఖాళీగా నున్నదా యని చూచుటయు, ఆక్రమించితిమని గుర్తు వేయుటయు ఒకే తాళము క్రింద జరుగుచున్నవా? ఆ రెండింటి నడుమ తాళము తీసినచో, ఇద్దఱును ఒకే గడిని ఖాళీయని చూచి, ఇద్దఱును దానిని తమదిగా వ్రాసికొందురు. రెండవది, విడిచిన గడిని చిట్టాలో ఆ విడుదల స్థిరపడకముందే ఇతరుల కిచ్చుచున్నారా? అట్లిచ్చినచో విద్యుత్తు పోయి వచ్చినప్పుడు, పాత ఫైలు చిట్టా ప్రకారము మరల బ్రదుకును. దాని లోపల మాత్రము పరుల వ్రాత యుండును. మూడవది, పొలిమేర. గడులు సున్ననుండి లెక్కింపబడును. 32,768 గడుల మండలమున చివరి గడి సంఖ్య 32,767. ఒక్క గడి తేడాతో పొరుగు మండలమున అడుగు పెట్టుదుము. నాలుగవది, కొలత. కొన్ని డిస్కులలో గడులను పదాఱేసి చొప్పున గుంపులుచేసి గుంపునే ప్రమాణముగా వాడుదురు. ఎకరమునకు సెంట్లు నూఱు, గుంటలు నలువది. సెంట్లలోని అంకెను గుంటలనుకొని దస్తావేజు వ్రాసిన నేమగునో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఐదవది, పని మధ్యలో ఆగినచో, తీసికొన్నదంతయు తిరిగి యిచ్చివేయుచున్నారా? సవ్యముగా సాగు దారిని అందఱును చూతురు. చెడిన దారిని చూచువాడే పరీక్షకుడు.

వీనికంటె సూక్ష్మమైనది మఱియొకటి కలదు. 2009 లో ఎక్స్‌ట్ 4 వాడిన కొందఱి యంత్రములు హఠాత్తుగా ఆగిపోయి, తిరిగి లేచునప్పటికి, వారి ఫైలులు పేర్లతో నిలిచి లోపల శూన్యమై యుండెను. కారణమేమనగా, ఎక్స్‌ట్ 4 గడులను వెంటనే పంచక కొంతసేపు వేచి, ఒక్కమాఱుగా పంచును. చెదరుట తగ్గుటకు అది మంచిదే. కాని ఎక్స్‌ట్ 3 కొన్ని క్షణములలోనే వ్రాసివేయుచుండినందున, దానిమీద నాధారపడి పెక్కు కార్యక్రమములు ‘ఇప్పుడే భద్రపఱచుము’ అని స్పష్టముగా అడుగుట మానివేసి యుండెను. ఎక్స్‌ట్ 4 పెద్ద యగు థియొడోర్ త్సో, నియమగ్రంథమున అట్టి వాగ్దానము లేదని వివరించెను. అది సత్యము. ఐనను ఆయన అంతటితో నూరకుండక, తఱచుగా కనబడు రెండు సందర్భములలో గడులను వెంటనే పంచి వ్రాయునట్లు ఏర్పాటు చేసెను, లినక్సు 2.6.30 లో అది చేరెను. వ్రాతలో లేకున్నను వాడుకచే స్థిరపడిన హక్కు ఒకటి యుండును. తరతరములుగా నడచిన పుంతబాట పటములో లేదని కంచె వేయువానితో ఊరు ఊరకుండునా? ‘ఫలితము మాఱలేదు’ అని సంతకము చేయువాడు నియమగ్రంథమును మాత్రమే కాక, జనులు దేనిని నమ్మి బ్రదుకుచున్నారో దానిని గూడ చూడవలెను.

సంతకమని ఊరక అనలేదు. లినక్సులో ప్రతి మార్పుతోడను వ్రాసినవాని పేరు, పరీక్షించినవాడు తన పేరిచ్చినచో అతని పేరును, శాశ్వతముగా నిలిచియుండును. పరీక్షించితిననుటకు అర్థము దోషమే లేదని పూచీపడుట కాదు. శ్రద్ధతో చదివితిని, నాకు తెలిసిన అభ్యంతరములు తీరినవి, ఇది చేర్చుటకు తగినదని నమ్ముచున్నాను అనుట. మన దస్తావేజుమీది సాక్షి చేవ్రాలు వంటిది. యంత్రములచే చేయించు పరీక్షలును వందలకొలది కలవు, అవి కావలసినవే. కాని యంత్రము తన కడిగిన ప్రశ్నకు మాత్రమే బదులు చెప్పును. అడుగవలసిన క్రొత్త ప్రశ్నను కనిపెట్టుట మనుష్యుని పని.

ఆర్యులారా! క్రొత్తది కట్టినవాని పేరు లోకము తలచును. కట్టినదానిని చెడకుండ కాచినవాని పేరు ఎవరును తలపరు. ఏలయనగా, అతడు చక్కగా పనిచేసిననాడు ఏమియు జరుగదు. ఏ ఫైలును పోదు, ఏ లెక్కయు చెదరదు, ఎవరును ఏడ్వరు. చెఱువుకట్ట తెగని సంవత్సరమున నీరుకట్టువానిని ఎవరు సన్మానించిరి? మీ పిల్లలలో ఎవరైన దూరదేశమున కూర్చుండి ‘ఇతరులు వ్రాసినది చదువుటయే నా పని’ యని చెప్పినచో, అది చిన్నపని యని తలపకుడు. పండితుల కాలమునుండియు గ్రంథమును నిలిపినది వ్రాసినవాని చేతికంటె సరిచూచినవాని కన్నే. ఆ కన్ను మనవారికుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.